ఒళ్ళున్న అమ్మాయి నెల తప్పితే

"ఒళ్ళు చేసింది" అన్న మాట మన తెలుగులో ఒకప్పుడు మెప్పుకోలు. కాపురానికి వెళ్ళిన పిల్ల ఆరు నెలలకు పుట్టింటికి వస్తే, "కాస్త ఒళ్ళు చేసిందమ్మా, అత్తవారు బాగానే చూసుకొంటున్నట్టున్నారు" అని ఇరుగుపొరుగు అమ్మలక్కలు తృప్తిపడేవారు. పుష్టి, బొద్దు, నిండు, అన్నీ మంచి మాటలే. నిండు చూలాలు అనడంలోనూ ఆ నిండే ఉంది. అటువంటి భాషలో పుట్టి కూడా మనం ఇవ్వాళ ఆ మాటనే ఆసుపత్రి వసారాలో, పదిమంది ఎదుట, కడుపుతో ఉన్న ఆడపిల్ల ముఖాన విసరడం నేర్చుకొన్నాం.

నేను తెలుగు పాఠం చెప్పుకొని బ్రతికేదాన్ని. ప్రబంధాలలో గర్భవర్ణన వచ్చినప్పుడల్లా నాకొక కొంటె ఆలోచన వస్తుంది. చెక్కిళ్ళు తెల్లబారడం, మన్ను మీద మక్కువ పుట్టడం, అంతదాకా ఉందో లేదో అన్న నడుము ఉన్నదని తేలడం, వరుసగా ఇవే వర్ణనలు. నెల తప్పేనాటికే నడుము స్పష్టంగా ఉన్న నాయిక కోసం ఏ కవీ ఒక్క పద్యం కట్టిన గుర్తు నాకు లేదు. పోనీ, కవుల సంగతి వదిలేద్దాం. నవ్వులాటకు అన్నాను గాని, ఆ అమ్మాయికి ఇంట్లోనూ, ఆసుపత్రిలోనూ కూడా మనం సరైన చోటు చూపించలేదన్నదే నా బాధ.

నా కాపురం జగ్గయ్యపేటలో, కొలువు నందిగామలో. కృష్ణా జిల్లా మెట్ట అని చెప్పుకొనే అలవాటు మాకింకా పోలేదు గాని, 2022 ఏప్రిల్ నుంచి కాగితాల మీద మాది ఎన్టీఆర్ జిల్లా. రోజూ బస్సులో పోయిరావడంలో సగం ఊరి సంగతులు తెలుస్తాయి. ఒకనాటి సాయంత్రం చిల్లకల్లు దాటాక వెనుక సీటులోంచి "మేడమ్, బాగున్నారా?" అన్న పిలుపు వినిపించింది. తిరిగి చూస్తే, ఏడెనిమిదేళ్ళ క్రితం నా దగ్గర డిగ్రీ చదివిన అమ్మాయి. చదివే రోజుల్లోనే నిండైన విగ్రహం. ఇప్పుడు చున్నీ రెండు మడతలు వేసి పొట్ట మీదుగా కప్పుకొని కూర్చుంది.

"విశేషమా?" అన్నాను.

"అయిదో నెలండీ," అని తల దించుకొంది. మొదటి కాన్పు శుభవార్త చెప్పే గొంతు కాదది.

"ఎవరికి చూపించుకొంటున్నావు?"

ఆ ప్రశ్నకు జవాబు రావడానికి రెండు స్టాపులు పట్టింది. రెండో నెలలో ఒక నర్సింగు హోముకు వెళ్ళిందట. పేరు నేను చెప్పను. తూకం మిషను హాలు నడుమన ఉంది. ఎక్కీ ఎక్కగానే అక్కడి మనిషి "ఎనభై నాలుగూ!" అని వేలంపాట పాడినట్టు కేకపెట్టింది. బెంచీల మీద కూర్చున్నవాళ్ళంతా తలలు తిప్పారు. లోపలికి వెళితే, "ఇంత ఒళ్ళు పెట్టుకొని పిల్లలెందుకమ్మా? ముందు తగ్గి రావలసింది" అన్నారట. అప్పటికే కడుపులో పడ్డ బిడ్డను ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. ఆనాడు ఇంటికి వచ్చి ఏడ్చి, మళ్ళీ ఏ ఆసుపత్రి గడపా తొక్కలేదు. ఇంట్లో అడిగితే "చూపించుకొన్నాను, బాగానే ఉందన్నారు" అని చెబుతోంది. తనంతట తాను రాత్రి భోజనం మానేసింది. వాళ్ళమ్మ మాత్రం ఇద్దరి తిండి తినాలని వారం వారం సున్నుండలు, అరిసెలు పంపుతోంది. పగలు తల్లి మాట, రాత్రి డాక్టరు మాట. ఆ పిల్ల రెంటి మధ్యా నలిగిపోతోంది.

ఈ కథలో లావు ఒక్కటే ప్రమాదమని మీరనుకొంటే, నేను ఒప్పుకోను. మూడు నెలలు ఏ పరీక్షా లేకుండా గడిచిపోవడమే అసలు ప్రమాదం.

ఆ తిట్టుకు ఆధారమైన కొలత సంగతి కాస్త చెప్పుకోవాలి. బి.యం.ఐ. అంటారు. కిలోలలో బరువును, మీటర్లలో ఎత్తును వర్గం చేసి దానితో భాగించాలి. మా అమ్మాయి ఎత్తు 155 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, వెరసి 35. ప్రపంచ ఆరోగ్య సంస్థ 25 దాటితే అధిక బరువనీ, 30 దాటితే స్థూలకాయమనీ అంటుంది. మన దేశపు వైద్యులు 2009లో కూర్చుని, మన ఒంటి తీరుకు ఈ గీతలు ఇంకా కిందికి దించి, 23, 25 అన్నారు. తమాషా ఏమిటంటే, ఈ లెక్క కట్టినవాడు వైద్యుడే కాదు. క్వెట్లే అని బెల్జియం దేశపు ఖగోళ శాస్త్రజ్ఞుడు. 1832 ప్రాంతంలో జనసమూహాల సగటు తీరు తెలిసికోవడానికి ఈ లెక్క వేశాడు. బి.యం.ఐ. అన్న పేరు 1972లో ఆన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు పెట్టాడు. జాగ్రత్త పడవలసిన వారెవరో తెలియడానికి ఈ అంకె పనికివస్తుంది. మనిషి విలువ కట్టడానికి పనికిరాదు. గర్భిణి విషయంలో కడుపు పెరిగాక కట్టే లెక్కకు అర్థం లేదు కూడా. నెల తప్పకముందు, లేదా మొదటి వారాలలో ఉన్న బరువుతోనే కట్టాలి.

మా అమ్మాయి ఒంటరిది కూడా కాదు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ లోపు ఆడవారిలో నూటికి 36 మందికి ఈ అంకె 25 దాటింది. అంతకు ముందరి 2015–16 సర్వేలో 33. అదే రాష్ట్రంలో, అదే సర్వేలో, మరో 15 మంది ఉండవలసిన దానికంటే సన్నం. అంటే ఒకే వీధిలో ఒక చూలాలికి తిండి చాలక, మరొక చూలాలికి ఒళ్ళు ఎక్కువై, ఇద్దరికీ రక్తం మాత్రం తక్కువై ఉండవచ్చు. మన సలహాలన్నీ మొదటి ఆమె కోసం పుట్టినవి. "ఇద్దరి తిండి తిను" అన్న మాట కరువు రోజులది. గంజి తాగి చేలో పనిచేసే తల్లికి అది అక్షరాలా ప్రాణదానం. ఆ మాట పుట్టించిన వాళ్ళను వెక్కిరించే హక్కు మనకు లేదు. కాలం మారిందని మాత్రం గుర్తించాలి.

బస్సు దిగేలోగా ఒక ఒప్పందం చేసుకొన్నాం. వచ్చే 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రికి వెళదాం, నేను తోడు వస్తాను అని. 2016 నుంచి ప్రతినెలా 9వ తారీఖున ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేసే పద్ధతి ఉంది. ప్రధానమంత్రి సురక్షిత మాతృత్వ అభియాన్ అని దాని పెద్దపేరు. మా వీధుల్లో ఎవరూ ఆ పేరు అనరు, "తొమ్మిదో తారీఖు" అంటేనే తెలుస్తుంది. ప్రమాదం పొంచి ఉన్న గర్భిణిని ముందే గుర్తించి వెంటబడడం దాని ఉద్దేశం.

ఆ రోజు అక్కడ జనం బాగానే ఉన్నారు. తూకం మిషను మాత్రం తెర వెనుక ఉంది. మా అమ్మాయి అడుగు పడక నిలబడిపోతే లేడీ డాక్టరు గారు నవ్వి, "నీ తూకం నాకు కావాలి గాని ఊరికెందుకమ్మా?" అన్నారు. ఆ మాటతోనే సగం వైద్యం జరిగిందనిపించింది నాకు.

ఇంకొక సంగతి గమనించాను. రక్తపోటు చూసే నర్సమ్మ మొదట మామూలు పట్టీ చుట్టింది. 150 చూపించింది. పిల్ల బెదిరిపోయింది. డాక్టరు గారు చూసి, "ఆ చేతికి ఆ పట్టీ చాలదు, పెద్దది తీయండి" అన్నారు. పెద్ద పట్టీతో 134. సన్నచేతి పట్టీని లావుచేతికి చుడితే ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుందట. చదువరులలో ఒళ్ళున్న అమ్మాయిలెవరైనా ఉంటే ఈ ఒక్క మాట గుర్తుంచుకోండి: "పెద్ద పట్టీ ఉందాండీ?" అని అడగడం తప్పు కాదు. జాకెట్టు కొలత చెప్పడానికి సిగ్గుపడం గదా!

తర్వాత చక్కెర పరీక్ష. 75 గ్రాముల గ్లూకోజు నీళ్ళలో కలిపి తాగించి, రెండు గంటలకు రక్తం తీస్తారు. తిన్నా, తినకపోయినా ఫరవాలేదు. 140 దాటితే గర్భంలో వచ్చే మధుమేహమని లెక్క. మన దేశపు ఆడవారికి అనువుగా ఈ పద్ధతిని తీర్చిదిద్దడంలో చెన్నైకి చెందిన డాక్టర్ వి. శేషయ్య గారిది పెద్ద చేయి. ఆయన పుట్టినరోజైన మార్చి 10ని ఈ వ్యాధి గురించి జనానికి చెప్పే దినంగా జరుపుతున్నారు. పల్లెటూరి చూలాలిని పరగడుపున యాభై మైళ్ళు నడిపించనక్కరలేని పరీక్ష ఇది. ప్రభుత్వ నియమం ప్రకారం మొదటిసారి వచ్చినప్పుడొకసారి, 24–28 వారాల మధ్య మరొకసారి చెయ్యాలి. మా అమ్మాయికి 158 వచ్చింది.

డాక్టరు గారు కేకలు వేయలేదు. వేయలేదు గాని, దాచిపెట్టనూ లేదు. ఎదురుగా కూర్చోబెట్టి చెప్పారు: ఒళ్ళు ఎక్కువగా ఉన్న గర్భిణికి చక్కెర, రక్తపోటు వచ్చే అవకాశం ఎక్కువ, ఆపరేషను అవసరం పడే అవకాశం ఎక్కువ, కుట్లు మానడం ఆలస్యం కావచ్చు, కాళ్ళ నరాల్లో రక్తం గడ్డకట్టకుండా చూసుకోవాలి, స్కానులో బిడ్డ అంత స్పష్టంగా కనబడకపోవచ్చు. "ఇవన్నీ నీకు వస్తాయని కాదమ్మా. వస్తే ముందుగా పట్టుకోవాలని." ఆ తర్వాత ఒక్క క్షణం ఆగి, "మూడో నెల దాటగానే వచ్చి ఉంటే రక్తపోటు ముదరకుండా చిన్న ఆస్పిరిన్ మాత్ర మొదలుపెట్టేదాన్ని. 16 వారాల లోపు మొదలుపెడితేనే దాని గుణం బాగా కనిపిస్తుంది" అన్నారు. అప్పటికి మా అమ్మాయికి 22 వారాలు. నర్సింగు హోములో పడిన ఆ మాట ఖరీదు ఎంతో నాకు అప్పుడు బోధపడింది.

తిండి విషయంలో ఆమె చెప్పింది విని అమ్మాయి ఆశ్చర్యపోయింది. రాత్రి పస్తు వెంటనే మానమన్నారు. గర్భంతో ఉండగా బరువు తగ్గించుకొనే ప్రయత్నం చెయ్యకూడదట. సన్నబడే మందులు, ఈ మధ్య పేరు వినిపిస్తున్న సూదులు అసలు తలపెట్టకూడదట. బరువు ఎంత పెరగాలన్నదానికి 2009లో అమెరికావారు వేసిన లెక్క ఉంది. మామూలు ఒంటివారు పదకొండున్నర నుంచి 16 కిలోల దాకా పెరగవచ్చు. బి.యం.ఐ. 30 దాటినవారికి 5 నుంచి 9 కిలోలు చాలు. అన్నం తగ్గించి పప్పు, కూర పెంచడం, మూడు పూటల తిండిని ఆరుసార్లుగా పంచుకోవడం, తీపి మానడం, భోజనం అయ్యాక నడవడం. ఇంతే పథ్యం. రెండు వారాల తర్వాత భోజనమైన రెండు గంటలకు చక్కెర 120 లోపు ఉంటే సరే, లేకపోతే మందు.

ఇక అసలు కష్టం ఇంటి దగ్గర. నాకు వాళ్ళ అత్తగారితో మాట్లాడవలసి వచ్చింది. ఆమె మిరప చేలో పనిచేసి కాయ కట్టిన మనిషి, మాట కరుకు.

"మేడమ్ గారూ, మా రోజుల్లో జొన్నన్నం తిని, నెలలు నిండేదాకా కాయ కోశామండీ. మాకీ కొలతలెవరు పెట్టారు?" అంది.

"ఆ జొన్నన్నమే మళ్ళీ పెట్టమంటున్నారండీ వదినగారూ. సున్నుండలు మాత్రం వద్దంటున్నారు" అన్నాను.

ఆమెకు నవ్వొచ్చింది. డాక్టరు చెప్పింది తన పాత తిండేనని తెలిశాక ఆమెను ఆపేవాళ్ళు లేకపోయారు. సాయంత్రం పూట జొన్నరొట్టె, తోటకూర, పల్చటి మజ్జిగ. వియ్యపురాలికి ఫోను చేసి, "ఇక అరిసెలు పంపవద్దు, పంపితే నేనే తినేస్తాను" అని చెప్పింది కూడా ఆమే. భోజనమయ్యాక కోడలితోపాటు వీధి చివరిదాకా నడిచేది. మొదట్లో ఎదురింటివాళ్ళు "ఏమిటి, ఒళ్ళు తగ్గిస్తున్నావా?" అంటే, "కాదు, కబుర్లు చెప్పుకొంటున్నాం, నువ్వూ రా" అనేది. నిజంగానే ఇద్దరు చేరారు. ఒకామె కడుపుతో లేదు, చక్కెర ఉన్న మనిషి. ఆ వీధి ఆశా కార్యకర్త కూడా వీలైనప్పుడు కలిసేది. ఇదంతా ఎవరూ సంఘం పెట్టి చేసింది కాదు, దీనికి పేరూ లేదు.

భర్త సంగతి అడుగుతారేమో. మంచివాడే, కాని మాట్లాడడు. ఇటువంటప్పుడు మాట్లాడకపోవడం కూడా తిట్టులాగే వినిపిస్తుందని అతనికి తెలియదు. మా జగ్గయ్యపేట బౌద్ధ స్తూపం దగ్గర దొరికిన చక్రవర్తి శిల్పం ఒకటి ప్రసిద్ధం, దాన్ని మాంధాత అని పండితులు గుర్తించారు. మన పురాణాలలో ఆ మాంధాత తల్లి కడుపున పుట్టలేదు. తండ్రి యువనాశ్వుడు దాహానికి మంత్రజలం తాగి తానే గర్భం మోశాడు. నేను ఆ కుర్రాడికి ఈ కథ చెప్పి, "నిన్ను మొయ్యమనడం లేదు నాయనా, తొమ్మిదో తారీఖున సెలవు పెట్టి పక్కన కూర్చో" అన్నాను. ఆ నెల నుంచి నేను వెళ్ళనక్కరలేకపోయింది.

ఏడో నెలలో సీమంతం చేశారు. చలిమిడి ముద్ద పేరుకు ఇంత నోట పెట్టారు. గాజులు చేతికి ఎక్కవేమోనని అమ్మాయి ముందే భయపడితే, అత్తగారు కొలత తీసుకుపోయి సరిపడా తెప్పించింది. చక్కెర పథ్యంతోనే అదుపులోకి వచ్చింది. అంతా సుఖంగా సాగిందని రాసి ముగించవచ్చు గాని, అలా జరగలేదు.

36వ వారంలో ఒక రాత్రి తలనొప్పి మొదలైంది. కళ్ళ ముందు మెరుపులు. ముఖం, చేతులు ఉబ్బాయి. ఇవి ప్రమాద సూచనలని డాక్టరు గారు మూడుసార్లు చెప్పి ఉన్నారు. పొట్ట పైభాగాన నొప్పి, రక్తం కనబడడం, బిడ్డ కదలిక తగ్గడం కూడా అంతే. తెల్లారేదాకా చూద్దామని ఎవరూ అనలేదు. మునుపటి పిల్లే అయితే "మళ్ళీ తిడతారేమో" అని దుప్పటి ముసుగు పెట్టేది. ఇప్పుడు తనే లేచి భర్తను 108కు ఫోను చెయ్యమంది. 2005 ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన ఆ బండి పల్లెటూళ్ళ చూలాళ్ళను ఎందరిని ఒడ్డున పడేసిందో! ఇక్కడ చూస్తే రక్తపోటు 160 మీద 110. ఫిట్సు రాకుండా మెగ్నీషియం సూది వేసి, రాత్రికి రాత్రే విజయవాడ పెద్దాసుపత్రికి పంపారు. హైదరాబాదు రోడ్డు మీద ఆ డెబ్బై అయిదు కిలోమీటర్లూ అత్తగారు కోడలి చెయ్యి వదలలేదట. మర్నాడు ఉదయం ఆపరేషను చేసి ఆడపిల్లను తీశారు. రెండు కిలోల ఆరు వందలు. తల్లీ పిల్లా క్షేమం.

చూడబోయినప్పుడు బాలింత మంచం దిగి వరండాలో నడుస్తోంది. కాళ్ళలో రక్తం గడ్డకట్టకుండా త్వరగా లేపి నడిపిస్తారట. పాలు రావడం ఒకటి రెండు రోజులు ఆలస్యమైంది. "ఒళ్ళంతా కొవ్వేగా, పాలెక్కడివి?" అని పక్క మంచం చుట్టం ఒకామె అననే అన్నది. నర్సమ్మ ఆ మాటను అక్కడే తుంచేసి, ఒళ్ళున్న తల్లులకు పాలు కాస్త ఆలస్యంగా పడవచ్చు, బిడ్డను పట్టిస్తూ ఉంటే అవే వస్తాయని చెప్పి, గంట గంటకూ వచ్చి బిడ్డను పట్టించింది. నాలుగో రోజుకు వచ్చాయి. కుట్లు మానడానికి మాత్రం మూడు వారాలకు పైగా పట్టింది.

గర్భంలో చక్కెర కనిపించినవారు కాన్పయిన ఆరు వారాలకు మళ్ళీ ఆ 75 గ్రాముల పరీక్ష చేయించుకోవాలి. ముందు ముందు మధుమేహం స్థిరపడే అవకాశం వారికి ఎక్కువ. పిల్ల సందడిలో చాలామంది ఇది మరిచిపోతారు. మా అమ్మాయి వెళ్ళింది. ఈసారి అంకె మామూలుగానే వచ్చింది, ఏడాదికొకసారి చూపించుకోమన్నారు. తూకం 82 ఉందని నాకు ఫోనులో తనే చెప్పింది, నేను అడగకుండానే.

ఇది చదివి మీ ఇంట్లోనూ ఎవరైనా గుర్తుకు వస్తే, ఈ నెల 9వ తారీఖు ఏ వారం పడిందో చూడండి. ఆదివారమో, పండుగ సెలవో అయితే మర్నాటి పనిరోజున చూస్తారు. తోడు వెళ్ళండి.